ముందు గుమ్మంలోంచి వచ్చినవాళ్ళు

మత్సుయె,
2003 జూన్ 19

అన్నయ్యకు,

ఉత్తరం మొదట్లో కాలం గురించి రెండు మాటలు రాయాలని అమ్మ మనకు నేర్పింది కనుక రాస్తున్నాను. వాన. ఎనిమిది రోజులుగా వాన. పిల్లల బట్టలు వంటింట్లో తాడు మీద ఆరుతున్నాయి, వాటి కింద వంగి వంగి నడుస్తున్నాం. కాలం సంగతి అయిపోయింది.

ఫోను చెయ్యకుండా ఉత్తరమేమిటని అనుకుంటున్నావేమో. మన ఫోను ఉన్నది అమ్మ గది బయట నడవాలో. నేను రిసీవరు ఎత్తితే చాలు, అమ్మ తలుపు జరిపి నా నోటి వంకే చూస్తూ కూర్చుంటుంది. ఆమె గురించి ఆమె ముందే ఏం చెప్పను?

అమ్మ బాగా లేదు. ఒళ్ళు కాదు, తల. చెప్పులు బియ్యం డబ్బాలో పెడుతుంది. ఏప్రిల్‌లో ఖాళీ కెటిల్ పొయ్యి మీద పెట్టి అడుగు మాడ్చేసింది. మొన్న పుడ్డింగు కోసం సోతతో పోట్లాడింది. వాడికి మూడేళ్ళు, ఆమెకు డెబ్బై ఎనిమిది. ఇద్దరూ ఒకేసారి ఏడిస్తే ఎవరిని ముందు సముదాయించాలో నాకు తెలియలేదు. వాడికి డైపర్లు మాన్పిస్తున్నాను, ఆమెకు మొదలుపెడుతున్నాను. మా ఆయన ఒసాకా నుంచి నెలకు రెండు ఆదివారాలు వస్తారు, వచ్చి నిద్రపోతారు.

పోయిన గురువారం పురపాలక కార్యాలయం నుంచి ఒకావిడ వచ్చింది. పెద్దవాళ్ళకు ఎంత సాయం కావాలో చూసి, ఆరు మెట్లలో ఏ మెట్టో రాసుకునే మనిషి. నాలుగో మెట్టు వస్తే అమ్మను వారానికి ఐదు రోజులు పగటి సంరక్షణ కేంద్రానికి పంపవచ్చు, నేను బడి పిల్లల వంటశాలలో ఉద్యోగం నిలబెట్టుకోవచ్చు. ఇంతకుమించి నాకేమీ అక్కర్లేదు.

ఏం జరిగిందో చెప్తే నవ్వుతావు. గంట మోగగానే అమ్మ లేచింది. జుట్టు సర్దుకుంది. గుమ్మం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని వంగి నమస్కరించింది. ఆవిడ విప్పిన బూట్లను వాకిలి వైపు తిప్పి పెట్టింది. వేడినీళ్ళ బుగ్గల దగ్గర విడిదిలో నలభై ఏళ్ళు అతిథుల్ని ఎలా చూసుకుందో అచ్చం అలాగే. ఈ రోజు తారీఖెంతని ఆవిడ అడిగింది. "అలాంటివి మరిచిపోవడానికే కదండీ అందరూ ఇక్కడికి వచ్చేది" అంది అమ్మ. ఆవిడ నవ్వి ఏదో రాసుకుంది. వయసెంత అంటే, "మీరే చెప్పండి, తక్కువ చెప్తే ఇంకో స్వీటు పెడతాను" అంది. నేను పక్కన నోరు తెరుచుకుని కూర్చున్నాను. ఒంటికాలి మీద నిలబడమంటే కొంగలా నిలబడింది.

నిన్న కాగితం వచ్చింది. అన్నిటికన్నా కింది మెట్టు. వారానికి ఒక్క రోజు.

ఆ అరగంటలో అంత బలం ఎక్కడి నుంచి తెచ్చుకుందో నాకు అంతు పట్టడం లేదు. ఆవిడ వీధి మలుపు తిరిగిన మరుక్షణం నా వైపు తిరిగి, "నువ్వెవరి పిల్లవి?" అని అడిగింది.

తడి బట్టల కింద నుంచి,
కినుకో

*

బెత్సుకాయ్,
జూన్ 28

కినూకి,

ఇక్కడ వాన లేదు. మొదటి కోత గడ్డి ఎండుతోంది, నిన్న ఒక దూడ పుట్టింది, తెల్ల కాళ్ళు. కాలం గురించి ఇంతే.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కష్టంలో ఉన్నావు, కాదనను. నా ఇంట్లోనూ ఒక పెద్దాయన ఉన్నాడు. మామగారికి కుడి పక్క పడిపోయి రెండేళ్ళు. ఇల్లరికపు అల్లుడు మామగారిని స్నానాల తొట్టిలోకి దించడం ఎలా ఉంటుందో నీకు చెప్పనవసరం లేదు. ఆయన మొహమాటపడతాడు, నేను మొహమాటపడతాను, ఇద్దరం ఆవుల గురించి మాట్లాడుకుంటాం.

కానీ ఒక్క మాట చెప్పనీ. ప్రతి ఆదివారం అమ్మతో ఫోనులో మాట్లాడుతున్నాను. పొల్లు పోకుండా మాట్లాడుతుంది. ఇక్కడి చలి అడుగుతుంది, ఒళ్ళు జాగ్రత్త అంటుంది, పిలిచినందుకు సంతోషమంటుంది. మనిషి అలసిపోతే చిన్నది పెద్దగా కనబడుతుంది కినూ. నువ్వు రోజుకు ఆరువందల మంది పిల్లలకు వండి, ఇంటికొచ్చి మళ్ళీ వండుతున్నావు. అలసిపోయింది నువ్వేమో.

కార్యాలయం ఆవిడ నాకూ ఫోను చేసింది. పెద్ద కొడుకు కదా అని అడిగింది. నాకు తెలిసింది చెప్పాను. అమ్మ బాగానే ఉందని.

సాచియె నిన్ను అడిగినట్టు రాయమంది. వెన్న పంపిస్తోంది.

తెత్సురో

*

మత్సుయె,
జూలై 9

అన్నయ్యకు,

వెన్న అందింది. వదినకు కృతజ్ఞతలు. నీకు లేవు.

నువ్వు చెప్పిన ఆ ఒక్క ముక్కతో నా దరఖాస్తు మూత పడింది. "మీ అన్నగారు కూడా అలాగే అన్నారు" అంది కార్యాలయం ఆవిడ, ఎంతో మర్యాదగా. మళ్ళీ దరఖాస్తు పెట్టాను, చూడటానికి సెప్టెంబరు 18న గానీ రారట. వచ్చే మార్చి వరకే నా సెలవులు సర్దగలమని వంటశాలలో చెప్పేశారు. ఉద్యోగం మానితే ఏమవుతుందో తెలుసా? తల్లి పనికి పోనప్పుడు పిల్లవాడికి శిశువిహారంలో చోటెందుకంటారు. ఇంట్లో పెద్దావిడను చూసుకోవాలండీ అంటే, కాగితం ప్రకారం ఆవిడకు చూసుకోవడం అక్కర్లేదుగా అంటారు. అంటే సోత, అమ్మ ఇద్దరూ పొద్దుటి నుంచి రాత్రి దాకా నా చేతుల్లోనే. పదేళ్ళ హోనామి ఇప్పటికే బడి నుంచి వచ్చి తమ్ముడికి అన్నం పెడుతోంది. స్నేహితులు ఆటకు పిలిస్తే ఒంట్లో బాగాలేదని చెప్తోంది. అబద్ధాలు బాగా నేర్చుకుంది.

సరే, తిట్టడం అయింది. ఇప్పుడు ఒక వింత చెప్తాను. నీకు చెప్పకుండా ఉండలేను.

ఆ రోజు అమ్మ చేసిందాని గురించే ఆలోచిస్తూ ఉన్నాను. కార్యాలయం ఆవిడలో ఏం చూసింది? ఉద్యోగమా, సంచీనా, గంటా? శనివారం పిల్లల్ని పక్కింట్లో వదిలి, హోనామి బడిలో చేరినప్పుడు కుట్టించుకున్న నీలం సూటు వేసుకున్నాను. వెనక గుమ్మంలోంచి బయటికి వెళ్ళి, చుట్టూ తిరిగి వచ్చి, ముందు గుమ్మం గంట నొక్కాను.

అమ్మ తలుపు తీసింది. మోకాళ్ళ మీద కూర్చుంది. ప్రయాణం బాగా జరిగిందా అని అడిగింది. నన్ను ముందు గదిలో కూర్చోబెట్టి టీ కలిపింది. నీళ్ళు సరిగ్గా చల్లార్చి, మంచి కప్పులో. ఏడాదిలో నేను తాగిన మొదటి మంచి టీ అన్నయ్యా. రెండు కప్పులు తాగాను. ఒకరు నాకు వండి వడ్డించి ఎన్నాళ్ళయిందో కూడా నాకు గుర్తులేదు.

మీకు పిల్లలున్నారా అని నేనే అడిగాను. సిగ్గులేకుండా. అమ్మ గొంతు తగ్గించింది. "ఒక అమ్మాయి ఉందండీ. పొద్దున లేచింది మొదలు పరుగులే. నేను దానికి బరువైపోయాను. నేనన్నానని చెప్పకండి, తెలిస్తే ఏడుస్తుంది."

చెప్పనని మాట ఇచ్చాను.

వెళ్తుంటే గుమ్మం బయట నిలబడి, నేను మలుపు తిరిగేదాకా వంగే ఉంది. నేను చుట్టూ తిరిగి వెనక గుమ్మంలోంచి లోపలికి వచ్చాను. "ఎక్కడ చచ్చావు? ఇంటికి అతిథి వస్తే నేనొక్కదాన్నే చూసుకోవాలా?" అని గరిటె విసిరింది.

నీలం సూటు ఆరేస్తూ,
కినుకో

*

బెత్సుకాయ్,
ఆగస్టు 3

కినూకి,

నీ ఉత్తరం నాకు నచ్చలేదు. అమ్మ ముందు వేషం వేసి ఆవిడ మనసులో మాట రాబట్టడం ఏం పని? నేను కోపంగా ఉన్నాను కాబట్టి మూడు వారాలు ఆగి రాస్తున్నాను, అయినా కోపం పోలేదు.

అమ్మ నిన్ను తిడుతోందంటున్నావు. అమ్మ నన్ను ఎప్పుడైనా తిట్టిందంటే అది ఒక్కసారే. ఇరవై రెండేళ్ళ కిందట, నేను ఇల్లరికం వెళ్తానన్న రోజు. ఇంటిపేరు వదిలేసి ఎవరి ఆవులో కాస్తావా అంది. నాన్న కాదు, అమ్మే అంది. స్టేషనుకు కూడా రాలేదు. నువ్వొచ్చావు, పన్నెండో తరగతి యూనిఫారంలో. అప్పటి నుంచి ఎన్నిసార్లు వచ్చినా అమ్మ నాతో ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నాన్న అంత్యక్రియల తరవాత నాలుగేళ్ళుగా రానూ లేదు. ఆవులు కారణమని చెప్తూ వచ్చాను. సగం నిజం.

సెప్టెంబరు 16న వస్తున్నాను. మూడు రోజులుంటాను. నేను తిరిగొచ్చేదాకా పాలు పిండటానికి పక్క పొలం రైతు ఒప్పుకున్నాడు. కార్యాలయం వాళ్ళు మళ్ళీ వచ్చేది 18న అన్నావు కదా, పక్కనే ఉంటాను. నా కళ్ళతో చూసింది చూసినట్టు చెప్తాను. అంతవరకు గంట నొక్కే ఆటలు మానేయి.

తెత్సురో

*

బెత్సుకాయ్,
సెప్టెంబరు 24

కినూకి,

ఇంటికి చేరాను. ఆవులు నన్ను గుర్తుపట్టాయి, సాచియె కుక్క గుర్తుపట్టలేదు.

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. సంతోషంగా ఉన్నాను. నలభై ఏడేళ్ళవాడు ఇలా రాస్తే బాగుండదేమో, అయినా రాస్తున్నాను.

నేను ముందు గుమ్మం గంట నొక్కాను. సాచియె ఇచ్చిన కేకు డబ్బా పట్టుకుని, పెళ్ళిలో వేసుకున్న సూటులో, ఉద్యోగానికి వచ్చినవాడిలా నిలబడ్డాను. అమ్మ తలుపు తీసి, నన్ను చూసి, ఎంత చక్కగా నవ్విందో నువ్వు పక్కనుండి చూశావుగా. దూరం నుంచి వచ్చారు, అలసిపోయి ఉంటారు అంది. నా బూట్లు తనే తిప్పి పెట్టింది. వద్దన్నా వినకుండా నా పరుపు తనే పరిచింది. నేనెందుకు ఇన్నాళ్ళు రాలేదని ఒక్క మాట అడగలేదు. ఇరవై రెండేళ్ళ కిందటి సంగతి కనుబొమ్మలతో కూడా గుర్తు చెయ్యలేదు.

ఒక్క చురక మాత్రం అంటించింది. రెండో రోజు టీ పోస్తూ, "మీ అమ్మగారు కులాసాగా ఉన్నారా?" అంది. నువ్వు అప్పుడు వంటింట్లోకి వెళ్ళిపోయావు. నేను తల వంచుకుని, ఆవిడను చూసి చాలాకాలమైందండీ, తప్పు నాదే అన్నాను. "తరచూ వెళ్ళండి. పైకి చెప్పరుగానీ ఎదురుచూస్తుంటారు" అంది. ఇంత మెత్తగా తిట్టడం అమ్మకు తప్ప ఎవరికి చేతనవుతుంది? నన్ను క్షమించింది కినూ. దారి పొడుగునా రైల్లో అదే తలుచుకున్నాను.

అందుకే 18న ఆ వచ్చినావిడ అడిగినప్పుడు నిజం చెప్పాను. అమ్మ అన్ని పనులూ చేసుకుంటోంది, నాకంటే చురుగ్గా ఉంది అని. నన్ను కోప్పడకు. నీకు సాయం కావాలి, ఒప్పుకుంటాను. హోనామిని సెలవుల్లో ఇక్కడికి పంపు, పాలు తాగి బలిసి వస్తుంది. కానీ అమ్మకు జబ్బని కాగితం మీద రాయించడం నావల్ల కాదు.

మీ అన్నయ్య

*

మత్సుయె,
అక్టోబరు 12

అన్నయ్యకు,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించాను. ఇది నాలుగోది. కాలం గురించి ఏమీ రాయను.

కాగితం వచ్చింది. మళ్ళీ అదే మెట్టు. నెలాఖరులోగా అభ్యంతరం తెలపాలి. నేను ఒక్కదాన్ని ఎంత మొత్తుకున్నా పెద్ద కొడుకు మాటే నిలుస్తుంది.

నువ్వు అంత సంతోషంగా రాశాక ఊరుకుందామనే అనుకున్నాను. ఉద్యోగం పోతే పోయిందిలే అనుకున్నాను కూడా, ఒక పూట. మరుసటి రోజు ఉదయం హోనామి బడికి వెళ్ళనంది. అమ్మమ్మ ఒక్కత్తీ ఉంటే తమ్ముడికి భయమేస్తుందని, తను ఇంట్లో ఉంటానని. పదేళ్ళ పిల్ల ఆ మాట నాలాగే నడుము మీద చెయ్యి పెట్టుకుని చెప్పింది. అందుకే రాస్తున్నాను.

అన్నయ్యా, ఆ మూడు రోజులూ అమ్మ నిన్ను ఒక్కసారైనా పేరు పెట్టి పిలిచిందా?

అమ్మ నీకు పరుపు పరిచింది. నీ బూట్లు తిప్పింది. మీరు అంటూ గౌరవించింది. నాతో చేసినట్టు అన్నం విసిరికొట్టలేదు, దొంగా అనలేదు. అమ్మ కులాసా అడిగితే అది చురక అనుకున్నావు. నేను వంటింట్లోకి వెళ్ళింది ఎందుకో ఇప్పుడైనా తెలిసిందా? ఇలా జరగవచ్చని నాకు ముందే తెలుసు. వెనక గుమ్మంలోంచి రా అని రాయవలసింది. రాయలేదు. ఏ గుమ్మంలోంచి వచ్చినా నిన్ను మాత్రం గుర్తుపడుతుందనుకున్నాను. తప్పు అక్కడ చేశాను.

నువ్వు వెళ్ళాక అమ్మ, "మంచి మనిషి. దూరం వాడిలా ఉన్నాడు. చిరునామా తీసుకున్నావా?" అంది. విడిదిలో ఉన్నన్నాళ్ళూ ప్రతి అతిథికీ వెళ్ళిన మూడో రోజుకల్లా కృతజ్ఞతల కార్డు రాసేది, నీకు గుర్తుండే ఉంటుంది. నీ చిరునామా ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. మధ్యాహ్నమంతా కూర్చుని రాసింది. చేతిరాత చూడు, ఎక్కడా వణకలేదు. మూడు వారాలు నా సంచీలో ఉంచుకుని తిరిగాను. ఇందులో పెడుతున్నాను.

కోపం తెచ్చుకున్నా నాకు సమ్మతమే. అబద్ధమనుకోకు, అదొక్కటే అడుగుతున్నాను.

కినుకో

(జతపరిచిన కార్డు)

తెత్సురో గారికి,

శరదృతువు గాలులు మొదలయ్యాయి. అంత దూరం నుంచి మా ఇంటికి దయచేసి మూడు రోజులు బస చేసినందుకు కృతజ్ఞతలు. ఏర్పాట్లలో లోపాలుంటే మన్నించండి. తమ తల్లిగారికి నా నమస్కారాలు తెలియజేయండి. మళ్ళీ ఎప్పుడు దయచేసినా మా గుమ్మం తెరిచే ఉంటుంది.

ఫుసాయె

*

బెత్సుకాయ్,
అక్టోబరు 20

కినూకి,

నీ ఉత్తరం పాకలో చదివాను. ఆ పూట పాలు పిండటం సాచియె చేసింది.

నన్ను క్షమించిందనుకున్నాను. క్షమించాలంటే ముందు నేనెవరో తెలియాలి కదా. ఆ సంగతి నాకు తట్టనేలేదు. అయినా కార్డు చదివిన ప్రతిసారీ ఆ అతిథి మీద నాకు అసూయగా ఉంది, అమ్మ చేత అంత మర్యాదగా రాయించుకున్నవాడి మీద. నేను ఇక్కడి నుంచి రాసిన ఏ ఉత్తరానికీ అమ్మ ఇంత శ్రద్ధగా జవాబు రాయలేదు.

నీకు అన్యాయం చేశాను. రెండుసార్లు. అలసిపోయావని తేల్చేశాను, ఆటలాడుతున్నావని తిట్టాను. నేను ఆడింది ఏమిటో నాకు తెలియదు.

కార్యాలయానికి ఈ రోజే రాశాను. నకలు ఇది:

"నేను ఫుసాయె గారి పెద్ద కొడుకును. జూన్‌లో ఫోనులోనూ సెప్టెంబరు 18న ఎదురుగానూ నేను చెప్పింది తప్పు. ఆ మూడు రోజులూ మా అమ్మ నన్ను గుర్తుపట్టలేదు, నాకా సంగతి తెలియలేదు. ఆమె నలభై ఏళ్ళు విడిదిలో పనిచేసింది. మీరు రెండుసార్లు చూసింది ఆమె ఉద్యోగం. మా అమ్మను చూడాలంటే దయచేసి చెప్పకుండా రండి, వెనక గుమ్మంలోంచి రండి, వంటింట్లో మా చెల్లెలి పక్కన పీట మీద కూర్చోండి. మా చెల్లెలు నాతో చెప్పినవన్నీ నిజం. నేనే నమ్మలేదు."

మామగారికి ఇది చదివి వినిపించాను. ఆయన ఎడమ చేత్తో నా మోచెయ్యి పట్టుకుని, చలికాలంలో గడ్డి పని ఉండదు కదా, వెళ్ళు అన్నాడు.

ఇంకో కార్డు పెడుతున్నాను. అది అమ్మకు. టపాలో వచ్చినట్టే ఇవ్వు.

మీ అన్నయ్య

(జతపరిచిన కార్డు)

ఫుసాయె గారికి,

ఇక్కడ తొలి మంచు పడింది. మీ ఆతిథ్యం మరవలేను. జనవరి 10న మళ్ళీ వస్తున్నాను. ఈసారి పది రోజులుంటాను. వీలుంటే అదే గది ఉంచండి.

తెత్సురో

*

మత్సుయె,
డిసెంబరు 6

అన్నయ్యకు,

సరస్సు మీద పొద్దున పొగమంచు. బాతులు దిగాయి. ఈసారి కాలం గురించి ఇష్టంగా రాస్తున్నాను.

నాలుగో మెట్టు వచ్చింది. ఆవిడ చెప్పకుండా వచ్చింది, వంటింట్లో గంటన్నర కూర్చుంది. ఏం చూసిందో రాయను. వెళ్ళేటప్పుడు వెనక గుమ్మంలోంచే వెళ్ళింది, నా భుజం మీద చెయ్యి వేసి. సోమవారం నుంచి అమ్మ కేంద్రానికి వెళ్తోంది. అక్కడ పనికి కుదిరాననుకుంటోంది. అందరి చెప్పులూ తిప్పి పెట్టి వస్తోందట. నా ఉద్యోగం నిలిచింది. హోనామి నిన్న స్నేహితురాలి ఇంటికి ఆటకు వెళ్ళి ఆలస్యంగా వచ్చింది, తిట్టాను. తిట్టడం ఎంత హాయిగా ఉందో.

నీ పది రోజుల్లో పిల్లల్ని తీసుకుని ఒసాకా వెళ్ళనా? నాలుగు రోజులు చాలు. గరిటెలు పైన అరలో పెట్టి వెళ్తాను.

నీ కార్డు అమ్మ నిలబడే చదివింది. అప్పటి నుంచి ఎండ కాసిన ప్రతి రోజూ ఆ గది పరుపు బయట వేస్తోంది. ఇంకా నెలుందమ్మా అంటే వినదు. నిన్న చారులోకి ఆల్చిప్పలు కడుగుతుంటే వచ్చి పక్కన కూర్చుంది. ఎన్నాళ్ళకో తిట్టకుండా కూర్చుంది.

"ఆయన వచ్చాక ఈ చారు రోజూ పెట్టు. పోయినసారి మూడు గిన్నెలు తాగాడు" అంది. నా చేతిలో గిన్నె తీసుకుని, "మా తెత్సురో కూడా ఇంతే. వాడికోసం కొంచెం ఎక్కువే చెయ్యాలి" అంది.

కినుకో